కత్తెర సారు కోసిన రెండు వాక్యాలు

మా మనవరాలికి కోపం వస్తే అరవదు. అరిచేవాళ్లతో భయం లేదు, గొంతు నొప్పి పుట్టగానే వాళ్లే ఆగిపోతారు. ఇది మాత్రం తన కోపాన్ని శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి బీరువాలో దాచుకుంటుంది. అవసరమైన రోజున తీసి తొడుక్కుంటుంది. ఒక్క ముడత కనపడదు.

ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో వాళ్ల చిన్నమావయ్య టీలో ఉప్పు కలిపేసి, డబ్బాలు అటూ ఇటూ మార్చింది ఇదేనని దీని మీదకి నెట్టేశాడు. ఇది ఏడవలేదు, ఫిర్యాదు చెయ్యలేదు. మర్నాటికి వంటింట్లో ప్రతి డబ్బా మీదా ఒక చీటీ అంటించి ఉంది. ఉప్పు డబ్బా మీద ఇలా రాసింది: "ఇది ఉప్పు. చూడటానికి పంచదారలా ఉంటుంది, కాదు. టీలో వేయకూడదు. అనుమానం వస్తే ఒక్క పలుకు నాలుక మీద వేసుకోవాలి. చిన్నమావయ్య అయితే అమ్మమ్మని అడగాలి." ఆ చివరి మాట చదివి ఇంటికొచ్చినవాళ్లంతా నవ్వేవారు. వాడికి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా వంటింట్లోకి తొంగిచూసి నవ్వారని నేను అందరికీ చెబుతుంటాను. అలాంటిదేమీ జరగలేదని మా ఆవిడ అంటుంది. కథ ఎవరు చెబితే వాళ్లది.

ఇప్పుడది ఒక కంపెనీలో పనిచేస్తోంది. పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు వాళ్లు. ఎవరు ఏ పని చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి, ఎంతవరకు వచ్చింది అన్నదంతా అందులో కనపడుతుంది. ఈమధ్య అందులోకి ఏఐ ఏజెంట్లు వచ్చి చేరాయి. మనిషి ఒక మాట అంటే చాలు, అవే టాస్కులు తెరుస్తాయి, వేరేవాళ్లకి అప్పజెబుతాయి, అయిపోతే మూసేస్తాయి. అందుకోసం వాటికి కొన్ని టూల్స్ ఇస్తారు. ఒక్కో టూల్‌కీ ఒక వివరణ ఉండాలి. ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, దీనికి ఏం ఇవ్వాలి, తిరిగి ఏం వస్తుంది అని. ఆ వివరణలు రాయడమే మా మనవరాలి ఉద్యోగం.

"దీనికి జీతం కూడా ఇస్తారటే?" అన్నాను మొదట్లో.

"తాతయ్యా, కొత్తగా వంటమనిషి వచ్చిందనుకో. చెయ్యి తిరిగిన మనిషి, చెప్పినమాట జవదాటదు. కానీ మన వంటిల్లు ముందెప్పుడూ చూడలేదు. డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే దానికి తెలుస్తుంది. నువ్వు 'తెల్లటి పొడి' అని రాసి ఊరుకుంటే పాయసం ఏమవుతుంది?"

"అయితే నీ చిన్నప్పటి పనే నీకిచ్చారన్నమాట."

"అప్పుడు చిన్నమావయ్యకి రాశాను. ఏజెంట్ అంతకంటే నయం. చదువుతుంది."

దాని మీద ఒక మేనేజరు ఉండేవాడు. ఆయనకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది, ఆఫీసులో ఎవరూ వాడరు. వెనకాల అందరూ కత్తెర సారు అంటారు. ఎవరేం రాసినా సగానికి కోస్తే గాని ఆయనకి తిన్నది అరగదు. అది కూడా తన బల్ల దగ్గర కూర్చుని కోయడు. "ఇలా జరుగమ్మా" అని మనిషిని లేపి, వాళ్ల కుర్చీలోనే దిగబడి, వాళ్ల కీబోర్డు మీదే టకటకా కోసేస్తాడు. కుర్చీ మనిషి పక్కన నిలబడి, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలా చేతులు కట్టుకుని చూస్తుండాలి. బయటివాళ్లకి ఆ కోత కుర్చీ మనిషిదే అనిపిస్తుంది. కంప్యూటరుకీ అంతే.

ఒక టాస్కుని మూసేసే టూల్ ఉంది. దానికి మా పిల్ల ఇలా రాసింది: "ఒక టాస్కుని పూర్తయినట్టు మూసేస్తుంది. దాని కింద ఉన్న చిన్న టాస్కులన్నీ కూడా దాంతోపాటే మూసుకుపోతాయి. కింద ఒక్కటైనా మిగిలి ఉంటే ఆగి, ఏమేం మిగిలాయో చెప్పి, మనిషిని అడగాలి."

నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. వాక్యం సరిగ్గా లేకపోతే మమ్మల్ని మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఆ మూడు వాక్యాల్లో ఒక్క మాట కూడా పీకడానికి లేదని ఆ మోకాళ్ల మీద ఒట్టేసి చెబుతాను.

కొన్నాళ్లు ఏజెంట్ అలాగే నడిచింది. తర్వాత కత్తెర సారు వచ్చాడు. "ఇలా జరుగమ్మా." మొదటి వాక్యం ఉంచాడు. తక్కిన రెండూ పీకేశాడు.

"సార్, ఆ రెండూ లేకపోతే కింద ఏముందో చూడకుండా మూసేస్తుంది."

"ఏజెంట్లు తెలివైనవమ్మా, అర్థం చేసుకుంటాయి. నువ్వు భయం భయంగా రాస్తావు. మనం నవల రాయట్లేదు." లేచి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఒకటుంది. వాళ్లు ఒక్కో భవనానికీ ఒక పెద్ద టాస్కు పెట్టుకుంటారు. దాని కింద చిన్నవి: తాడు చూడాలి, నూనె వెయ్యాలి, తలుపులు చూడాలి, లోపలి ఫోను పలుకుతోందో లేదో చూడాలి. ఒకరోజు వాళ్ల పనివాడొకడు నూనె వేసి, చేతులు తుడుచుకుని, ఏజెంటుకి "ఈ బిల్డింగ్‌లో నా పని అయిపోయింది" అని చెప్పి టీ తాగడానికి పోయాడు. ఏజెంట్ ఆ భవనం టాస్కు మూసేసింది. కింద ఉన్న తలుపులూ, ఫోనూ అన్నీ అయిపోయినట్టు లెక్క. ఎవరూ మళ్లీ అటు పోలేదు.

ఆ లిఫ్టులో ఇరుక్కున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ లిఫ్టు కంపెనీ యజమాని. భారీ మనిషి. రెండు అంతస్తుల మధ్య ఆగింది. తలుపు తెరుచుకోలేదు, ఫోను పలకలేదు. బయటికి తీసేసరికి ఆయనకి గడ్డం పెరిగిందని నేనంటాను. "అంతసేపు కాదు తాతయ్యా" అంటుంది మా పిల్ల. అంతసేపు కాకపోయినా పరువు పోవడానికి సరిపోయింది. ఇరుక్కున్నది కొత్తగా లిఫ్టు పెట్టించుకుందామని చూడటానికి వచ్చిన పెద్దమనుషులతో కలిసి మరి.

వెంటనే కంపెనీలో మీటింగ్. యజమానురాలు, అందరూ మేడమ్ అంటారు, బల్లకి ఆ చివర కూర్చుంది. బల్ల మధ్యలో ఫోను, అందులోంచి లిఫ్టుల ఆసామి రంకెలు. కత్తెర సారు తల అడ్డంగా ఊపుతూ, ఎంతో జాలిగా అన్నాడట: "ఆ వివరణ రాసింది ఈ అమ్మాయండీ. చిన్నపిల్ల, అనుభవం తక్కువ. తప్పు నా టీమ్‌ది కాబట్టి నేను సర్దుకుంటాను."

చూశారా? తప్పు దాని నెత్తిన రుద్ది, పెద్దరికం తను తీసుకున్నాడు. ఇది నోరు తెరిచేలోగా మేడమ్ కంప్యూటర్ వైపు చూసింది. ఆ కోత దీని కుర్చీలోంచే జరిగినట్టు అందులో నమోదై ఉంది. ఇంకేం చెబుతుంది?

దీన్ని వివరణలు రాసే పనిలోంచి తీసేసి, ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే మూలకి పంపారు. శుక్రవారం లిఫ్టుల ఆసామి స్వయంగా వస్తాడు, ఆయనకి క్షమాపణ చెప్పు, ఆ తర్వాత నిన్నుంచాలో లేదో చూద్దాం అంది మేడమ్. ఈ పని చేసేవాళ్లు ఎక్కడైనా గుప్పెడుమందే. ఒకచోట చెడ్డపేరు వస్తే ఇంకోచోట గడప తొక్కనివ్వరు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి ఇదంతా చెప్పింది. కన్నీళ్లు లేవు. కంచంలో అన్నం మాత్రం కలిపిందే కలుపుతోంది.

"నీకు ఉద్యోగం కావాలా, ఆయన ఉద్యోగం పోవాలా?" అనడిగాను.

"రెండూ కాదు. ఏ చెవులు విన్నాయో అవే చెవుల ముందు, అదే నోటితో 'ఆ వాక్యాలు కోసింది నేను' అని ఆయన అనాలి. అది వినాలి నేను."

"ఎందుకే తల్లీ ఇంత పగ, పోనిద్దూ" అంది మా ఆవిడ.

"పోనివ్వను అమ్మమ్మా. పెరుగు వెయ్యి."

నాకు హుషారొచ్చింది. పగ తీర్చుకోవడమంటే ఈ వయసులో అంతకంటే మంచి వ్యాయామం లేదు. "సులువుగా అయిపోతుందే! ఆయన ఏజెంట్ వాడే టూల్ ఏదైనా ఉంటే దాని వివరణలో ఒక అబద్ధం ఇరికించు. గంటగంటకీ మేడమ్‌కి 'సారు ఇవాళ పళ్లు తోముకోలేదు' అని కబురు పంపేలా రాసిపారెయ్."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అబద్ధపు వివరణ రాయను తాతయ్యా. నేను రాసింది ఏజెంట్ నమ్మి చదువుతుంది. నన్ను నమ్మేవాళ్లకి అబద్ధం రాయను. కత్తెర సారంటావా, ఆయన నన్నెప్పుడూ నమ్మలేదు. ఆయన్ని ఏమైనా చెయ్యొచ్చు."

"అయితే పోనీ, ఆయన్నే ఒక టూల్ అనుకో. ఎలా వాడాలో చెప్పు చూద్దాం."

నేను వేళాకోళానికే అన్నాను. కలుపుతున్న చెయ్యి ఆగింది. కిటికీ వైపు చూస్తూ, ఎదురుగా రాసి ఉన్నది చదువుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది ఏం చేస్తుంది: ఎదుట పొగిడిన పని ఏదైనా సరే తనదే అంటుంది. టీ మెషీన్ బాగుపడితే తను చెప్పబట్టే అంటుంది, వాన వెలిస్తే కూడా అంటుంది. ఎప్పుడు వాడాలి: పెద్దవాళ్లు వింటున్నప్పుడు. దీనికి ఏం ఇవ్వాలి: ఒక పొగడ్త, అది నిజమై ఉండాలి, లేకపోతే అనుమానపడుతుంది. తిరిగి ఏం వస్తుంది: 'అది నేనే' అన్న మాట." ఇక్కడ ఆగి నీళ్లు తాగింది. "ఎప్పుడు వాడకూడదు: తప్పు అన్న వాసన ముందే తగిలితే పనిచెయ్యదు. పారిపోతుంది."

మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అమ్మో, దీన్ని ఎవరికిచ్చి చేస్తామండీ" అంది నాతో.

"ముందు పొగడ్త, తర్వాత తప్పు" అన్నాను నేను.

"అవును. ఆయన కోసినట్టే నేనూ కోస్తాను. మొదటి సగం చెప్పి ఊరుకుంటాను. రెండో సగం ఆయన నోరు తెరిచాక."

రిహార్సల్ పెట్టుకుందామన్నాను. నేను కత్తెర సారు, మా ఆవిడ మేడమ్. మేడమ్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. మా పిల్ల నావైపు కన్నెత్తి కూడా చూడకుండా అంది: "అమ్మమ్మా, ఇవాళ వంకాయ కూర ఎంత లేతగా ఉడికిందో! ముక్కలన్నీ సమానంగా తరిగారు, అందుకే కాబోలు."

"తరిగింది నేనే కదా" అన్నాను.

"మరి పురుగున్న కాయని అలాగే తరిగి పడేసింది కూడా మీరేనా?" అంది మా ఆవిడ. "నా కంచంలోకే వచ్చింది."

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. టూల్ పనిచేస్తుందని ఆ రకంగా తేలింది.

శుక్రవారం జరిగింది ఇది. అదే గది, అదే బల్ల. మేడమ్ ఆ చివర. లిఫ్టుల ఆసామి ఈసారి ఫోనులో కాదు, కుర్చీ మొత్తం నిండేలా ఎదురుగా. ఆయన పక్కన ఆయన కంపెనీ ఇంజినీరు, చురుకైన కళ్లున్న పెద్దావిడ. మూడో అంతస్తుకి ఇద్దరూ మెట్లెక్కే వచ్చారట. కత్తెర సారు కొత్త చొక్కా వేసుకుని, పెళ్లిలో మధ్యవర్తిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"చెప్పమ్మా, చెప్పు. సార్‌కి సారీ చెప్పు" అన్నాడు.

మా పిల్ల లేచి నిలబడింది. "మీరు అన్ని అంతస్తులు ఎక్కి వచ్చినందుకు ముందు క్షమించండి సార్. జరిగినదానికి క్షమాపణ చెప్పేముందు, ఆ వివరణ వల్ల మీ పనిలో ఏం మారిందో ఒక్కమాట చెప్పనా?"

"కానివ్వు" అన్నాడు ఆసామి, గొంతు ఇంకా కరుగ్గానే.

"మునుపు మా ఏజెంట్ మీ పనివాళ్లని మధ్యమధ్యలో ప్రశ్నలు అడిగేది. అది మిగిలిందా, ఇది చూశారా అని. మూసేసే టూల్ వివరణ ఒక్క వాక్యానికి కుదించాక ఆ ప్రశ్నలు ఆగిపోయాయి. పని చకచకా కదిలింది."

ఇంజినీరమ్మ తల ఊపింది. "ఆ మాట నిజమే. మావాళ్లు గొణగడం మానేశారు. ఎందుకా అనుకున్నాను."

"అంత చిన్నగా రాయడం నాకు రాదు మేడమ్" అంది మా పిల్ల, తల దించుకుని. "నేను పొడుగ్గా రాసే మనిషిని. చాలా ధైర్యం ఉంటే తప్ప ఒక్క వాక్యంతో ఆపలేరు."

అంతే, ఊరుకుంది. కత్తెర సారు ముందు చొక్కా సర్దుకున్నాడట. తర్వాత గొంతు సవరించుకున్నాడు. పొగడ్త బల్ల మీద ఎవరిదీ కాకుండా పడి ఉంది. ఎంతసేపని చూస్తూ కూర్చుంటాడు మనిషి?

"నిజానికి అది నా పద్ధతి" అన్నాడు ఆసామి వైపు తిరిగి, చిరునవ్వుతో. "ఏజెంటుని అతిగా మాట్లాడనివ్వకూడదండి. ఈ పిల్లలు భయపడి ఏవేవో రాస్తుంటారు. ఆగు, అడుగు అని రెండు వాక్యాలు అదనంగా పెట్టింది. పక్కనే నిలబడి వద్దు సార్ వద్దు సార్ అంటోంది కూడా. నేనే కూర్చుని కోసేశాను. ఇదిగో, ఈ చేత్తోనే."

చెయ్యి ఎత్తి చూపించాడట. ఆ చెయ్యి ఎత్తడం నా కల్పన అనుకునేరు. కాదు. అది నిజం.

మా పిల్ల అప్పుడు తల ఎత్తింది. బీరువాలోంచి తీసిన కోపం, ఒక్క ముడత లేదు. "సార్, ఆ ఆగిపోయిన ప్రశ్నల్లో ఒకటి ఇది: 'తలుపులూ లోపలి ఫోనూ ఇంకా చూడలేదు. అయినా మొత్తం మూసెయ్యమంటారా?' ఆ వాక్యాలు ఉండి ఉంటే నూనె వేసిన మీ మనిషిని ఏజెంట్ ఆ మాట అడిగేది."

ఆసామికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. భారీ మనిషి కదా, కుర్చీతో సహా తిరగాలి. తిరిగాడు. "అంటే నేను ఆ పెట్టెలో ఊపిరాడక తన్నుకున్నది..."

"అది... అందరం కలిసి తీసుకున్న నిర్ణయమండీ. టీమ్‌గా" అన్నాడు కత్తెర సారు. కొత్త చొక్కా చంకల దగ్గర రంగు మారిపోయింది.

"టీమ్ ఇరుక్కోలేదయ్యా లిఫ్టులో. నేనిరుక్కున్నాను."

మేడమ్ నెమ్మదిగా అంది: "మొన్న ఈ అమ్మాయి రాసిందన్నారు."

"రాసింది తనే కదండీ..."

"కోసింది?"

ఇంజినీరమ్మ కత్తెర సారు కేసి చూడటం కూడా మానేసి, మా పిల్లని అడిగింది: "ఆ రెండు వాక్యాలు గుర్తున్నాయా నీకు?" ఇది అక్కడికక్కడే అప్పజెప్పింది. "ఇప్పుడే పెట్టించు. మావాళ్లు గొణిగితే నేను చూసుకుంటా" అంది ఆవిడ. ఆసామి మాత్రం దిగేటప్పుడు కూడా మెట్లే ఎంచుకున్నాడు.

సోమవారానికల్లా మా పిల్ల తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసింది. ఎవరి రాత వాళ్ల కుర్చీలోనే, వాళ్ల చేతే దిద్దించాలని మేడమ్ కట్టడి చేసింది. కత్తెర సారుని ఆ టీమ్ మీద నుంచి తీసేశారు. ఉద్యోగంలోంచే తీసెయ్యాలా, ఇంకెక్కడైనా కూర్చోబెట్టాలా అని మేడమ్ ఆలోచిస్తుంటే, ఆయన్ని కూర్చోబెట్టాల్సిన చోటు చూపించింది మా మనవరాలే.

తర్వాతోసారి భోజనానికి వచ్చి ఆ మాట చెప్పగానే నాకు నీరసం వచ్చింది. "ఏమే, చివరికి జాలిపడ్డావా?"

"కొత్తగా చేరేవాళ్లకి పాఠం చెప్పే పని ఖాళీగా ఉంది తాతయ్యా. వివరణల్లోంచి ఏం కోస్తే ఏమవుతుందో ఆయనకంటే బాగా ఎవరూ చెప్పలేరని మేడమ్‌తో అన్నాను. నిజమే కదా?"

"ఒప్పుకున్నాడా?"

"మేడమ్ ఆ మాట అందరి ముందూ అంది. పొంగిపోయాడు. మొదటి పాఠం నేనూ వెనక వరసలో కూర్చుని విన్నాను. 'తప్పు జరిగినప్పుడు నిలబడి నాదే అని ఒప్పుకునే ధైర్యం నాయకుడికి ఉండాలి, అలా ఒప్పుకుంది నేనే' అని మొదలుపెట్టాడు. ఆ రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి, 'వీటిని కోసింది నేను' అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. వెనక వరసలో ఎవరో గుసగుసగా, 'లిఫ్టులో పెద్దాయన్ని ఇరికించింది ఈయనేనా' అన్నారు."

"అదేమిటే, అక్కడ కూడా పేరు ఆయనే కొట్టేశాడు!"

"కొట్టెయ్యనీ." పెరుగన్నం తిన్న వేళ్లు శుభ్రంగా నాకింది. "ఆ ఒక్క మాట ఒక్కసారి వింటే చాలనుకున్నాను. ఇప్పుడు కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ తనే చెప్పుకోవాలి. పాఠంలో మొదటి అంశం అదే."

"ఇంక చాలించవే, పాపం" అంది మా ఆవిడ. "ఎన్నాళ్లని?"

"కొత్తవాళ్లు చేరుతున్నన్నాళ్లు, అమ్మమ్మా."

కంపెనీలో ఈమధ్య మనుషుల్ని జోరుగా తీసుకుంటున్నారట.